బయటి ఆయిల్

భూపేష్ కాగితం మీద రబ్బరు స్టాంపు రెండుసార్లు గుద్దాడు. మొదటిసారి సిరా సగమే అంటింది. రెండోసారి స్టాంపును ప్యాడ్ మీద బాగా అద్ది, ఆ సగం ముద్ర మీదే మళ్లీ ఒత్తి, కాగితాన్ని శివకుమారి వైపు జరిపాడు. కర్నూలు షోరూంలో సర్వీసు మేనేజరు అతను. ఆమెకన్నా రెండు మూడేళ్లు చిన్నవాడై ఉంటాడు. చొక్కా జేబు మీద పేరు కుట్టి ఉంది. మాట్లాడుతున్నంతసేపూ ఆమె ముఖం కేసి కాకుండా కంప్యూటరు కేసి చూశాడు.

కాగితం సారాంశం ఒకటే. బండికి వారంటీ వర్తించదు.

బండి శివకుమారి పేరు మీద ఉంది. పొదుపు సంఘం లోనుతో కొన్న నాలుగు చక్రాల చిన్న గూడ్సు బండి, కొని పద్నాలుగు నెలలు. నడిపేది ఆమె మొగుడు వీరేష్. బనగానపల్లె తోటల నుంచి మామిడికాయ నంద్యాలకూ కర్నూలుకూ తోలుతాడు. ఆదివారం పొద్దున బేతంచెర్ల దగ్గర ఎత్తు ఎక్కుతుంటే డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగింది. అతను బండిని పక్కకు తీసేలోపే ఇంజను ఒక్క కేక పెట్టి పట్టేసింది. కాయను వేరే బండికి ఎత్తించి, దీన్ని తాడు కట్టి షోరూందాకా లాక్కొచ్చారు. ఓనరు వస్తేనే మాట్లాడతామన్నారని మంగళవారం శివకుమారి బస్సెక్కి వచ్చింది.

భూపేష్ చెప్పింది తిరుగులేనట్టే ఉంది. రెండు వేల కిలోమీటర్ల కిందట వీళ్లు బయట మెకానిక్ దగ్గర ఆయిల్ మార్పించారు. దాని బిల్లు వీరేషే అమాయకంగా షోరూంలో చూపించాడు. అది కంపెనీ బ్రాండు కాదు, వేరేది. లోపల ఎంతోకొంత పాత ఆయిల్ మిగిలే ఉంటుంది. రెండు బ్రాండ్ల సింథటిక్ ఆయిళ్లు కలిస్తే ముద్ద కడతాయి. ముద్ద కట్టిన ఆయిల్ పైకి ఎక్కదు, ఇంజను ఎండిపోయి పట్టేస్తుంది. కొత్త ఇంజను వేయాలంటే ఎంతవుతుందో కూడా చెప్పాడు. ఆమె ఆ అంకెను రెండోసారి చెప్పించుకుంది.

"ఆయిల్ మాది కాదు, పని మాది కాదు. అడగాల్సింది మమ్మల్ని కాదమ్మా. పోసినాయన్ను అడగండి," అన్నాడు.

ఆమెకు ఆ మాట న్యాయంగానే తోచింది.

బనగానపల్లెలో బస్సు దిగేసరికి పొద్దు పడమటికి వాలింది కానీ ఎండ తగ్గలేదు. ఇంటికి పోకుండా కోయిలకుంట్ల రోడ్డు పట్టి, రేకుల షెడ్డుదాకా నడిచింది. దారంతా ఆ కాగితం చేతిలోనే ఉంది. మడిచి సంచిలో పెట్టుకోవాలని కూడా తోచలేదు.

గాబ్రియేలు ఆ షెడ్డులో ముప్పై ఏళ్లుగా పని చేస్తున్నాడు. ట్రాక్టర్లు, ట్రాలీ ఆటోలు, జీపులు. మనిషి పొట్టి, మాట తక్కువ. ఆ రోజు ట్రాక్టరు ముందు గొంతుకూర్చుని, విప్పిన బోల్టులను వరసలో పేర్చుకుంటున్నాడు. తమ బండ్ల వంతు కోసం కాచుకున్న నలుగురైదుగురు డ్రైవర్లు బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు.

శివకుమారి కాగితం ఎత్తి చూపిస్తూ అరిచింది. అందరికీ వినపడాలనే అరిచింది. షోరూంవాళ్లు ఏం తేల్చారో చెప్పింది. బండి పోయింది, సీజను పోయింది, కట్టాల్సిన కంతులు మాత్రం మిగిలినాయంది. అతన్ని నమ్మి వచ్చినందుకు తమ తలరాత ఇట్లా అయిందంది.

"ఏ ఆయిల్ పోయాలో తెల్దంటే తెల్దని చెప్పాల్సింది గాబ్రియేలన్నా. మా నోట్లో మన్ను కొట్టినావు."

డ్రైవర్లు టీ గ్లాసులు దించారు. గాబ్రియేలు లేచి, డీజిల్లో ముంచిన గుడ్డతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. ఆమె ఆగేదాకా ఆగాడు.

"ఇంజను విప్పినారామ్మా?" అని అడిగాడు.

"స్టాంపు ఏసి ఇచ్చినారు. చూడు."

"స్టాంపు సంగతి కాదు మ్మా నేను అడుగుతాండేది. విప్పి చూసినారా?"

విప్పారో లేదో ఆమెకు తెలియదు. అడగాలని తోచనే లేదు. ఆ సంగతి అప్పుడే తెలిసొచ్చి, ఆ తెలిసొచ్చిందానికి కోపం ఇంకా పెరిగింది. విప్పినా విప్పకున్నా మాట ఒకటే, నువ్వు తప్పించుకోవాలని చూస్తున్నావంది. వెనక్కి తిరిగి వచ్చేసింది.

ఇంట్లో వీరేష్ అంతా విని తల పట్టుకున్నాడు. కోపం మాత్రం తెచ్చుకోలేదు. గాబ్రియేలు చెప్పకుండా పోయలేదని, పాత డబ్బా, కొత్త డబ్బా పక్కపక్కన పెట్టి రెంటిమీదా ఒకే నెంబరు ఉందని చూపించాకే పోశాడని అన్నాడు. షోరూంకు ఫోన్ చేస్తే ఆయిల్ స్టాకు లేదు, పది దినాల తర్వాత రండి అన్నందుకే కదా బయట మార్పించిందనీ గుర్తు చేశాడు. నువ్వు అక్కడ అరవకుండా ఉండాల్సింది అని మాత్రం అనలేదు. అని ఉంటే బాగుండేదని శివకుమారికి తర్వాత అనిపించింది.

మరునాడు ఆమె తోటలో కాయ ఏరే పనికి పోయింది. బండి లేని దినాల్లో చేతులు ఊరికే పెట్టుకుని కూర్చోలేదు. చెట్టు కింద గడ్డి పరిచి, తొడిమ దగ్గర సొన కారుతున్న కాయలను బోర్లించి ఆరబెట్టడం, ఆరినవాటిని సైజు చూసి క్రేట్లలో సర్దడం. మధ్యాహ్నం కాయ ఎత్తుకోవడానికి వచ్చిన ఒక ట్రాలీ డ్రైవరు నీళ్లు తాగుతూ, గాబ్రియేలు షెడ్డుకు ఇంక పోగూడదప్పా, కల్తీ ఆయిల్ పోస్తాండాడంట, షోరూంవాళ్లే రాసిచ్చినారంట అని ఇంకొకడితో చెప్పాడు. ఆ ఇంకొకడు, నేను పొద్దున్నే నా బండి ఆడనుంచి తీసుకొచ్చుకుంటినే అన్నాడు.

శివకుమారి చేతిలోని కాయను క్రేటులో పెట్టకుండా అట్లాగే పట్టుకుంది. కల్తీ అన్న మాట ఆమె అనలేదు. భూపేష్ కూడా అనలేదు. ఒక్క రాత్రిలో ఎవరి నోట్లో పుట్టిందో ఏమో పుట్టింది. నేనట్లా అనలేదని చెబుదామనుకుంది. వాళ్లు అప్పటికే క్రేట్లు ఎత్తుతున్నారు. చేతిలోని కాయను క్రేటులో సర్దింది. సాయంత్రం ఇంటికి పోతూ షెడ్డు ముందు నుంచి పోవలసి వచ్చింది. బల్ల ఖాళీగా ఉంది. ట్రాక్టరు కూడా లేదు. గాబ్రియేలు పానాలన్నీ కింద గోనెపట్టా మీద పరిచి, ఏ పనీ లేనివాడు చేసే పని చేస్తున్నాడు, ఒక్కొక్కటే తుడిచి పెడుతున్నాడు. ఆమె తల వంచుకుని దాటిపోయింది.

గురువారం పొద్దున్నే అతనే ఇంటికి వచ్చాడు. ఒక చేతిలో రెండు ఆయిల్ డబ్బాలు, ఇంకో చేతిలో గాజు సీసా. లోపలికి రమ్మని వీరేష్ పిలిస్తే వాకిట్లోనే నిలబడ్డాడు. సీసా ఎత్తి వెలుతురుకు పట్టి చూపించాడు. లోపల తేనెరంగు ఆయిల్.

షోరూం బ్రాండు సగం, తను పోసిన బ్రాండు సగం కలిపి, తన భార్య కృపమణి అన్నం గిన్నెల్లో ఒకటి అడిగి తీసుకుని, పొయ్యి మీద పెట్టి మంగళవారం సాయంత్రం, బుధవారం పొద్దున, మళ్లీ సాయంత్రం కాగబెట్టాడట. గిన్నె ఇంక వంటకు పనికిరాదని కృపమణి అన్నదట. ముద్ద కట్టాలంటే ఈపాటికి కట్టి ఉండాలి. సీసాను తలకిందులు చేశాడు. ఆయిల్ గాజు మీద నుంచి పలచగా, ఒక్క నలుసు లేకుండా జారింది.

"ముప్పై ఏండ్లల్లో ఎన్ని బ్రాండ్లు మారె, ఎన్ని కంపెనీలు మూసిపాయె. డబ్బా మీద పేరు మనుషులు చదువుకునేకి మ్మా. ఇంజను చదివేది ఈ నెంబరు," అని డబ్బా మీద చిన్న అక్షరాల దగ్గర గోరు పెట్టాడు. "ఇది తప్పితే తప్పు నాది. తప్పలేదు. మీ బండి పుస్తకం తెచ్చి నువ్వే చూడు."

బండి పుస్తకం ట్రంకుపెట్టెలో ప్లాస్టిక్ కవరులో ఉంది. కొన్న రోజు నుంచి ఎవరూ తెరవలేదు. అంతా ఇంగ్లీషు. శివకుమారి ఇంటర్ దాకా చదివింది. గడప మీద కూర్చుని, వేలు పెట్టి పేజీలు తిప్పింది. ఆయిల్ పట్టిక దొరికింది. నెంబరు డబ్బా మీద ఉన్నదే. దాని కింద కంపెనీ సిఫారసు చేసే బ్రాండు పేరు, ఆ పక్కన 'లేదా ఈక్వివలెంట్' అని ఉంది. ఆ మాట ఆమెకు తెలుసు. ఉద్యోగాల నోటిఫికేషన్లలో ఇంటర్ లేదా దానికి ఈక్వివలెంట్ అని ఎన్నిసార్లు చదివిందో. సరిసమానం. అది ఉన్నా ఇది ఉన్నా ఒకటే.

అదే వరుసను మూడుసార్లు చదివింది. ఇంట్లో పెట్టెలో ఉన్న పుస్తకం. బస్సెక్కకముందు చదివి ఉండొచ్చు. షెడ్డుకు పోకముందు చదివి ఉండొచ్చు.

గాబ్రియేలు మాత్రం ఆమెను ఏమీ అనలేదు. వీరేష్‌ను ఒక సంగతి అడిగాడు. కింద ఆయిల్ నిలవుండే చాంబరు ఇంతకుముందు ఎవరన్నా విప్పారా? ఆయిల్ మార్చేటప్పుడు దాని అంచు చుట్టూ బూడిదరంగు పేస్టు బయటికి పొర్లి ఎండి ఉండడం చూశాడట. కొత్త బండికి ఇంత పేస్టు ఏంటికా అనుకున్నాడుగానీ అడగలేదు. వీరేష్ ఆలోచించి చెప్పాడు. రెండో సర్వీసప్పుడు కింద ఆయిల్ చెమ్మ కనబడితే, షోరూంవాళ్లే చాంబరు విప్పి పేస్టు పెట్టి బిగించారు.

"బయటికి ఎంత పొర్లినాదో లోపలికీ అంతే పొర్లింటాది," అన్నాడు గాబ్రియేలు. "లోపల ఆయిల్ పీల్చుకునే గొట్టానికి జల్లెడ ఉంటాది. పొర్లిన పేస్టు ఊడి దానికి అడ్డం పడిందంటే పైకి ఆయిల్ ఎక్కదు. అట్లే అయిందని నేను చెప్పడం ల్యా. విప్పకుండా చెప్పేకి నేనేమన్నా మేనేజరునా? విప్పితే తెలుస్తాది."

శుక్రవారం ముగ్గురూ కర్నూలు పోయారు. గేటు దగ్గర గాబ్రియేలును ఆపారు. బయటి మెకానిక్‌లకు లోపలికి పర్మిషన్ లేదన్నాడు వాచ్‌మన్. వాచ్‌మన్‌కు తను మెకానిక్ అని ఎట్లా తెలిసిందని గాబ్రియేలు అడగలేదు. తన చేతులు చూసుకున్నాడు. ముప్పై ఏళ్ల నలుపు గోళ్ల కింద ఉంది. గేటు పక్కన గోడకు ఒక చారెడు నీడ ఉంటే అక్కడ నిలబడ్డాడు. శివకుమారిని దగ్గరికి పిలిచి, ఏం చూడాలో రెండుసార్లు చెప్పాడు. కారిన ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్ది చూడు, చాంబరు దించినాక పైకి చూడు, టీ వడగట్టేంత జల్లెడ కనబడతాది, ఫోటో తీ, అది తీసేంతవరకూ అక్కడినుంచి కదలొద్దు.

భూపేష్ ఆమెను గుర్తుపట్టనట్టే మాట్లాడాడు. ఇంజను విప్పాలంటే పైనుంచి అనుమతి రావాలని, విప్పినా ముద్దే కనబడుతుందని, అనవసరంగా వచ్చారని అన్నాడు. శివకుమారి పుస్తకం తెరిచి ఆ వరుస చూపించింది. అతను అది చూడకుండానే, కాగితం మీద రాసేది వేరు, లోపల జరిగేది వేరు అన్నాడు.

"ముద్ద చూపిస్తే ఒప్పుకుని పోతారామ్మా?"

"చూపించండి సార్. మీ కాగితం కింద సంతకం పెట్టి, బండి తీసుకుని పోతాం."

ఏసీ గదిలో సర్వీసు కోసం కాచుకున్నవాళ్లు అద్దంలోంచి చూస్తున్నారు. బహుశా అందుకేనేమో, లేకపోతే నిజంగానే ముద్ద ఉంటుందని నమ్మాడేమో, భూపేష్ ఒప్పుకున్నాడు. జయపాల్ అనే మెకానిక్‌ను పిలిచి, చాంబరు ఒక్కటి దించి ఈమెకు చూపించు అని చెప్పి, ఫోన్ వస్తే పక్కకు పోయాడు.

బండిని లిఫ్టు మీద పైకెత్తారు. తన బండి కడుపు కింద నిలబడడం శివకుమారికి అదే మొదటిసారి. జయపాల్ కింద ట్రే పెట్టి బోల్టు వదులు చేశాడు. నల్లటి ఆయిల్ సన్నటి ధారగా, తెగకుండా కారింది. ఆమె చెంగు దోపుకుని, ధారకు రెండు వేళ్లు అడ్డం పెట్టింది. వేళ్లు రుద్ది చూసింది. నున్నగా ఉంది. బరక కూడా తగల్లేదు. జయపాల్ ఆమెను చూసి పక్కకు తిరిగాడు.

చాంబరు అంచుల బోల్టులు ఒక్కొక్కటే విప్పాడు. అన్నీ విప్పినా అది ఊడి రాలేదు. రబ్బరు సుత్తితో నాలుగు వైపులా తట్టాడు. అంచులో రేకు దూర్చి పేస్టును కోస్తూ పోయాడు. చివరికి పెద్ద చప్పుడుతో ఊడింది. రెండు చేతులా పట్టుకుని దించేసరికి, దాని అంచు లోపలివైపు పొడుగునా బూడిదరంగు పేస్టు చిటికెన వేలంత లావున పొర్లి ఉంది. అక్కడక్కడా తెగి ఊడిపోయిన ఖాళీలు కనిపించాయి.

ఆమె తల ఎత్తి చూసింది. గొట్టం చివర జల్లెడ ఉంది. జల్లెడ కన్నాలు కనబడలేదు. వాటి నిండా బూడిదరంగు ముక్కలు, పీచులు, నమిలి ఉమ్మిన రబ్బరులాగా కరుచుకుని ఉన్నాయి.

జయపాల్ చేతిలో చాంబరు అట్లాగే ఉంది. రెండో సర్వీసప్పుడు ఆ పేస్టు పెట్టింది అతనో, అతని పక్కవాడో ఆమెకు తెలియదు. అడగలేదు. అతను భూపేష్ ఉన్న వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఫోటో తొందరగా తీసుకోండి మ్మా."

ఆమె ఆరు ఫోటోలు తీసింది. జల్లెడవి నాలుగు, అంచువి రెండు. చేతికి ఆయిల్ అంటి ఫోన్ జారుతుంటే పైటచెంగుతో పట్టుకుని తీసింది. అక్కడినుంచే వాటిని వీరేష్ ఫోన్‌కు పంపింది.

భూపేష్ వచ్చి చూశాడు. ముఖంలో పెద్దగా మార్పు రాలేదు, మెడ దగ్గర మాత్రం ఎర్రబడింది. జయపాల్‌ను వేరే బండి దగ్గరికి పొమ్మన్నాడు. శివకుమారిని, వీరేష్‌ను ఏసీ గదిలో కూర్చోమని, చల్లటి నీళ్ల సీసాలు తెప్పించాడు. మొన్న మంగళవారం ఆమె గొంతు ఎండిపోయి అడిగితే, నీళ్లు బయట కుళాయి దగ్గర ఉన్నాయన్న మనిషి అతనే.

గంట దాటాక కాగితంతో వచ్చాడు. నవ్వుతూ వచ్చాడు. పెద్ద సార్లతో మాట్లాడానని, వాళ్లు మంచి మనసుతో ఒప్పుకున్నారని, కొత్త ఇంజను ఉచితంగా వేసి వారంలో బండి ఇస్తామని చెప్పాడు. వీరేష్ లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. సోమవారం లోపు ఏదో ఒకటి చెప్పకుంటే తోట ఆసామి వేరే బండి మాట్లాడుకుంటానన్నాడు. ఇప్పుడు వారం గడువు అడగవచ్చు. పెన్ను తనే తీసి భార్య చేతిలో పెట్టాడు.

కాగితం ఇంగ్లీషులో ఉంది. శివకుమారి తెలుగులో చెప్పమంది. భూపేష్ నిలబడే చెప్పాడు. బండి నెంబరు ఇది, ఓనరు పేరు ఇది, ఇంజను మార్చి ఇస్తున్నాం, మీరు దీనితో సంతృప్తి పడ్డారు, ఫోటోలు ఎవరికీ చూపించరు, అంతే. ఆమె వేలు కాగితం మీద కదులుతోంది. ఇంజను మార్చి ఇస్తున్నాం అని అతను దాటేసిన చోట ఇంకా నాలుగు వరుసలు ఉన్నాయి. ఆమె వేలు అక్కడ ఆగింది. ఇది చెప్పలేదు సార్ అంది. అది మామూలుగా రాసేదే అన్నాడు. మామూలుదే చెప్పండి అంది. అతను చెప్పకపోతే తనే కూడబలుక్కుని చదివింది. బయట మెకానిక్ చేత వేరే బ్రాండు ఆయిల్ పోయించడం వల్లే ఇంజను చెడిపోయినా, కస్టమరు మీద గౌరవంతో కంపెనీ ఈ ఒక్కసారికి సాయం చేస్తోంది.

ఆమెకు ఒళ్లు మండింది. మంగళవారం కూడా మండింది కానీ, ఆ మంటకు కళ్లు లేవు. ఈసారి ఎదురుగా ఎవరున్నారో స్పష్టంగా కనబడుతోంది. జల్లెడ ఇంకా ఆ లిఫ్టు మీదే వేలాడుతోంది. దాన్ని చూసి వచ్చిన మనిషే ఈ నాలుగు వరుసలు టైపు కొట్టించాడు.

ఈ వరుసలు తీసేయమంది. ఫార్మాట్ చెన్నై నుంచి వస్తుందని, ఒక్క అక్షరం మార్చడానికి తనకు అధికారం లేదని అతనన్నాడు. వీరేష్ ఆమె భుజం తట్టి, మనకు కావాల్సింది బండి గదా, వాళ్లేం రాసుకుంటే మనకేం అన్నాడు. అంటూనే అద్దంలోంచి గేటు వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. ఆమె లేచి గేటు దాకా పోయింది. వాచ్‌మన్ వద్దంటున్నా వినకుండా గాబ్రియేలును లోపలికి తెచ్చి, ఏసీ గదిలో అందరి ముందూ ఆ వరుసలు అతనికి చదివి చెప్పింది.

గాబ్రియేలు విన్నాడు. ఎండలో నిలబడినందుకు ముఖం కమిలి ఉంది. గదిలో కుర్చీల బట్టకు నూనె అంటుతుందని కూర్చోలేదు.

"పెట్టు మ్మా సంతకం," అన్నాడు. "మూడు వారాలే ఉండాది సీజను. బండి రానీ. నాది నేను చూసుకుంటా."

ఆ మాటతో అయిపోయిందని అందరూ అనుకున్నారు. భూపేష్ కాగితాన్ని ఇంకొంచెం ముందుకు జరిపాడు.

శివకుమారి పెన్ను మూత పెట్టింది.

"నేను అరిస్తే మా ఊర్లో నలుగురికి తెలిసింది. ఆ నలుగురికీ మళ్లా నేనే చెప్పుకోగలను. ఈ కాగితం మీ కంప్యూటర్లల్లో ఎన్నేండ్లు ఉంటాదో, ఇంకెవరి బండి చెడిపోతే తీసి చూపిస్తారో నాకు తెల్దు. దీనికింద నా పేరు ఉండగూడదు సార్. ఫార్మాట్ మార్చేకి మీకు అధికారం ల్యా. అబద్ధం కింద సంతకం పెట్టేకి నాకూ ల్యా."

గొంతు పెంచలేదు. కానీ గదిలో ఉన్న పదిమందీ విన్నారు. ఒక పెద్దాయన, ఏమైందమ్మా అని అడిగాడు. ఆమె ఫోన్ తీసి జల్లెడ ఫోటో చూపించింది. అతను కళ్లజోడు పెట్టుకుని చూసి, తన బండి కూడా మొన్ననే ఇక్కడ చాంబరు విప్పారని, తనకూ విప్పి చూపించమని భూపేష్‌ను అడిగాడు. ఇంకొకాయన లేచి వచ్చాడు. భూపేష్ అందరినీ కూర్చోమని, కాగితం తీసుకుని లోపలికి పోయాడు.

ఈసారి గంట పట్టలేదు. పదిహేను నిమిషాల్లో వచ్చాడు. చెన్నై నుంచి రావలసిన ఫార్మాట్ అంతలోనే వచ్చింది. మూడే వరుసలు. వారంటీ కింద ఇంజను మార్చి ఇస్తున్నాం. అంతే. ఆయిల్ మాట లేదు, బయటి మెకానిక్ మాట లేదు, ఫోటోల మాట లేదు. ఎందుకు చెడిపోయిందో కూడా లేదు. కారణం రాయమని ఆమె అడిగింది. అది రాయలేమని, అంతకుమించి తన చేతుల్లో లేదని అతను మొదటిసారి ఆమె ముఖం చూసి చెప్పాడు. ఆమె మంగళవారంనాటి స్టాంపు కాగితం అతని చేతికిచ్చి, దాని మీద 'రద్దు' అని రాయించుకుని, అప్పుడు సంతకం పెట్టింది.

తిరుగు బస్సులో వీరేష్ నిద్రపోయాడు. గాబ్రియేలు ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆమె అతని వెనక సీట్లోనే ఉంది. చెప్పాల్సిన మాట నాలుకమీదే ఉండి రాలేదు. బస్సులో చెబితే అది అతనికీ తనకూ మధ్యే ఉండిపోతుందనిపించింది. అది చాలదు.

శనివారం పొద్దున రద్దు రాయించిన కాగితాన్నీ కొత్త కాగితాన్నీ జిరాక్సు తీయించుకుని షెడ్డుకు పోయింది. గాబ్రియేలు ఒక పాత జీపు కింద ఉన్నాడు. ఆత్మకూరు నుంచి పెళ్లికి వచ్చి దారిలో ఆగిపోయిన జీపు, ఊరివాళ్లది కాదు. మామూలుగా వచ్చే ట్రాలీవాళ్లు ఇద్దరు మాత్రం బల్ల మీద ఉన్నారు. వాళ్లు బండ్లు తేలేదు, టీకి ఆగారు.

ఆమె జిరాక్సులు చూపించి, వీటిని ముందు గోడకు అంటిస్తానంది. అందరూ చదువుతారంది. గాబ్రియేలు జీపు కింది నుంచి బయటికి జరిగి, పడుకునే వాటిని చూశాడు.

"వద్దు మ్మా. ముప్పై ఏండ్లు నా చేయి చూసి వచ్చినోళ్లు, ఒక కాగితం చూసి పాయిరి. ఇంగో కాగితం చూసి వస్తే ఏం లాభం? రేపు ఇంగోటి చూసి పోతారు."

అతని గొంతులో కోపం లేదు. ఉంటే ఆమెకు తేలికగా ఉండేది. మళ్లీ జీపు కిందికి జరిగిపోయాడు. కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఎప్పటి నుంచో తొడిగే ఆ నల్లబడ్డ కాకీ ప్యాంటు, అరిగిన చెప్పులు.

శివకుమారి జిరాక్సులను నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. బల్ల దగ్గరికి పోయింది. మంగళవారం తను ఈడ నిలబడి అన్న మాటలన్నీ తప్పని చెప్పింది. షోరూంలో ఏం చూసిందో, జల్లెడలో ఏముందో, అది ఎవరు పెట్టిన పేస్టో చెప్పింది. గాబ్రియేలన్న పోసిన ఆయిల్‌ను తన వేళ్లతో రుద్ది చూశానని, అందులో నలుసు లేదని చెప్పింది. పుస్తకం ఇంట్లోనే ఉన్నా చదవకుండా, స్టాంపు చూసి ఆయన్ను నలుగురిలో నిలబెట్టి అరిచానని, అది తను చేసిన అన్యాయమని చెప్పింది.

ట్రాలీ డ్రైవర్లు ఇద్దరూ విన్నారు. ఒకడు గ్లాసు అడుగున మిగిలిన టీని పక్కకు విసిరి లేచాడు.

"పోనీలే మ్మా, మీ బండి మీకు వచ్చె గదా. అది చాలు."

"బండి సంగతి కాదప్పా నేను చెప్తాండేది," అంది శివకుమారి. "కూర్చో. సరిగ్గా విను."

అతను ఆమె ముఖం చూసి కూర్చున్నాడు. జీపు కింద పానా చప్పుడు ఆగింది. రోడ్డు మీద పోతున్న ఇంకొక ట్రాలీ నెమ్మదించింది. ఆమె చేయి ఎత్తి దాన్ని కూడా ఆపించి, దాని డ్రైవరు దిగి వచ్చేదాకా కాచుకుని, మొదటి నుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది.